రెండో శనివారం పిల్లలు వచ్చి వెళ్ళాక

రాజమండ్రి,
మంగళవారం

చిరంజీవి అమ్మడికి,
అమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్‌లో "మిమ్మల్ని బాగా శ్రమ పెట్టేశాను, ఇంక పిల్లల్ని ఇలా పంపనులే" అన్నావు. నేను నోరు తెరిచేలోపు నీకు ఆఫీసు కాల్ వచ్చింది. ఫోన్‌లో మన మాటలు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతాయి. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు. ఇందులో పెద్దాడి సంగతి ఒకటుంది. అది అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

శ్రమ మాట నిజమే. సోమవారం మీ నాన్న మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. నేను మోకాళ్ళకు నూనె రాసుకుని కూర్చున్నాను. అయినా సరే, పంపనని మాత్రం అనకు. ఈ వయసులో మాకు ఒళ్ళునొప్పులు పిల్లలు వచ్చినా ఉంటాయి, రాకపోయినా ఉంటాయి.

శనివారం తెల్లవారుజామున గౌతమి రైలు దిగి వచ్చారు. అల్లుడుగారు కాఫీ తాగి కాకినాడ బస్సెక్కేశారు. చిన్నది నిద్రకళ్ళతోనే తాతయ్య చంకెక్కి, ఇల్లంతా ఒకసారి తిప్పించుకుంది. ముందురోజే పిండి రుబ్బి ఉంచాను కాబట్టి దిబ్బరొట్టె వేశాను. నీకు తెలుసుగా, సన్నటి సెగ మీద ముప్పావుగంట పడుతుంది. ఇద్దరూ స్టవ్ దగ్గరే పీటలేసుకుని కాపలా కూర్చున్నారు. పెద్దాడు అడుగున ఎర్రగా కాలిన చెక్కంతా తనకే కావాలన్నాడు, చిన్నది మెత్తటిది బెల్లప్పాకంలో ముంచుకుని తింది. అక్కడ కార్న్‌ఫ్లేక్స్ సగం వదిలేస్తుందన్నావు. ఇక్కడ పళ్ళెంలో ఏమీ మిగల్లేదు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన టైమ్‌టేబుల్ చూశాను. పాలు తాగించాను, హోంవర్క్ మీ నాన్న చేయించారు. అబాకస్ పుస్తకం మాత్రం సంచీలోంచి బయటికి తీయలేదు. వాళ్ళకి వారంలో మిగతా రోజులన్నీ గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చునే బతుకే కదా. రెండు రోజులు వాటికి దూరంగా ఉంటే చదువు ఎక్కడికీ పోదు.

గోదారి ఇప్పుడు ఎర్రగా, నిండుగా ఉంది. మీ నాన్న పొద్దున్నే పేపర్లో మొదట చూసేది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎంతో. ఈసారి ఆ పని పెద్దాడికి అప్పగించారు. వాడు అంకె చూసి క్యాలెండర్ మీద రాశాడు. 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోదని తాతయ్య చెబితే అవి కూడా పక్కన రాసుకున్నాడు. నీళ్ళు ఇంకా మొదటి హెచ్చరిక కన్నా కిందే ఉన్నాయి, కంగారు పడకు. ఘాట్ మెట్లు దిగనివ్వలేదు, సాయంత్రం గట్టు మీద నుంచే చూపించాం.

ఇప్పుడు అసలు సంగతి. శనివారం మధ్యాహ్నం చిన్నది పడుకుంది. నేను గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు తుంచుతుంటే పెద్దాడు వచ్చి పక్కన కూర్చుని, వాడూ ఒక కట్ట తీసుకున్నాడు. మొదట కాడలతో సహా లాగేశాడు. ఆకు ఒక్కటే ఎలా గిల్లాలో చూపించాను. కాసేపటికి చెయ్యి కుదిరింది. తల వంచుకుని ఆకు ఆకూ గిల్లుతూ, నేను అడక్కుండానే చెప్పాడు. ఈ ఏడు వాడి సెక్షన్ మార్చారట. పాత స్నేహితుడు వేరే సెక్షన్‌లో ఉండిపోయాడట. కొత్త క్లాసులో ఎవరి జట్టు వాళ్ళకి ముందే ఉంది, అందుకని లంచ్ టైమ్‌లో వీడు ఒక్కడే తింటున్నాడట. "బాక్స్ తొందరగా తినేసి లైబ్రరీకి పోతా అమ్మమ్మా" అన్నాడు. ఏడవలేదు. మామూలుగా చెప్పాడు. అలా చెప్పడమే నాకు ఎక్కువ బాధేసింది.

"అమ్మకి చెప్పావా నాన్నా?" అంటే, "అమ్మకి ఇప్పటికే టెన్షన్ కదా" అన్నాడు.

ఇది చదివి నిన్ను నువ్వు తిట్టుకోకు. నీ ఉద్యోగం, ఆ ట్రాఫిక్, ఇంటి పని మేం చూస్తూనే ఉన్నాం. వాడు నీ దగ్గర దాచింది నీ మీద ప్రేమ కొద్దీ. ఎదురుగా కూర్చోబెట్టి "ఏంటి స్కూల్లో ప్రాబ్లమ్?" అని అడిగితే పిల్లలు నోరు విప్పరు. చేతికి ఏదైనా పని ఇచ్చి నువ్వు పక్కన ఊరికే కూర్చో. బట్టలు మడతపెట్టడమో, బఠాణీలు ఒలవడమో, ఏదైనా సరే. అమ్మమ్మ చెప్పిందని మాత్రం బయటపడకు. వాడు నన్ను నమ్మి చెప్పాడు. టీచర్‌తో మాట్లాడాలంటే ముందు వాణ్ణి అడిగి, వాడు సరేనన్నాకే వెళ్ళు.

ఆ రాత్రి చిన్నది దోమతెరలో నీకోసం కాస్త ఏడ్చింది. నీ పాత చీర కప్పితే పట్టుకుని పడుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం మీదుగా ఆత్రేయపురం వెళ్ళాం. ఆనకట్ట గేట్ల కింద నుంచి నీళ్ళు దూకే హోరుకి చిన్నది చెవులు మూసుకుంది. మొత్తం 175 గేట్లని తాతయ్య చెప్పారో లేదో పెద్దాడు లెక్కపెట్టడం మొదలెట్టాడు. వెనకటి డొక్కల కరువు సంగతి, 1847లో కాటన్ దొర పాత ఆనకట్ట మొదలెట్టి 1852కల్లా పూర్తి చేయించడం, ఆ నీళ్ళతో ఈ డెల్టా అన్నం తినడం, అన్నీ మీ నాన్న నీకు చెప్పినట్టే చెప్పారు. వాడు అన్నీ విని "మరి గేట్లు మూసేస్తే చేపలు పైకెలా వెళ్తాయి తాతయ్యా?" అని అడిగాడు. శ్రావణమాసమని ఇంట్లో పులస చేప ఊసెత్తని మీ నాన్నకి అక్కడ అవకాశం దొరికింది. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ అది గోదార్లోకి ఎలా వస్తుందో చాలాసేపు చెప్పారు.

కాలవ గట్టు రోడ్డు మలుపుల్లో చిన్నదానికి వాంతి అయింది. మళ్ళీ పంపేటప్పుడు ఆ వాంతుల మందు సంచీలో పెట్టు.

ఆత్రేయపురంలో ఒకళ్ళ వసారాలో పూతరేకులకి రేకులు తీయడం చూశాం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. ఆవిడ పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, చివర్లు రెండు చేతులా పట్టుకుని కుండ మీదుగా ఒక్క లాగు లాగితే, అప్పటికప్పుడే తెల్లటి పొర ఆరిపోయి అంచు లేచింది. దాన్ని వేళ్ళతో తీసి పక్కన పెట్టింది. చిన్నది చేతులు చాపితే ఒక రేకు అరచేతుల్లో పెట్టింది. మన బుజ్జిది ఊపిరి బిగబట్టి నిలబడింది పాపం, అయినా గాలికి విరిగిపోయింది. ఆవిడ నవ్వి ఇంకోటి తీసి, కాస్త తడి అద్ది, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, మడతపెట్టి నోట్లో పెట్టింది. ఈ పూతరేకులకి, ఇవి ఈ ఊరి సరుకేనని 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ సెగ దగ్గర పొద్దస్తమానం కూర్చునే ఈ ఆడవాళ్ళకి దానివల్ల నాలుగు డబ్బులు ఎక్కువొస్తే బాగుండునని నా ఆశ.

కొనేటప్పుడు పెద్దాడు ఒక డబ్బా విడిగా కట్టించమన్నాడు. ఎవరికిరా అంటే ఆ పాత స్నేహితుడికట. సంచీలో వాడి బట్టల మధ్య ఉంది. చుట్టాలెవరైనా వస్తే దాన్ని విప్పకు, ఫ్రిజ్‌లో పెట్టకు, మెత్తబడిపోతాయి. వాడి చేత్తోనే పట్టుకెళ్ళనీ.

వచ్చే రెండో శనివారానికి టికెట్లు ఇప్పుడే చూడమని అల్లుడుగారితో చెప్పు. ఆలస్యం చేస్తే వెయిటింగ్ లిస్టే. నీకు సెలవు దొరికితే నువ్వూ రా. దొరక్కపోతే వాళ్ళని పంపు, మీ నాన్న స్టేషన్‌లో ఉంటారు. చిన్నదాని ఎర్ర క్లిప్పు ఒకటి మంచం కింద దొరికింది, దాచి ఉంచాను.

ఇట్లు,
మీ అమ్మ