విషయం: తీసుకున్న డబ్బుకి జవాబు చెప్పే మనిషి ఒకరు కావాలి

ఉద్యోగాలకి మనుషుల్ని వెతికిపెట్టే మీ కంపెనీ కస్టమర్ కేర్ వారికి, వాళ్ల పైన ఎవరైనా పెద్దలుంటే వాళ్లకి,

నమస్కారం. ఈ లేఖ మెయిల్‌లోనూ పంపుతున్నా, కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులోనూ వేస్తున్నా. మెయిల్ పెడితే మీ దగ్గర్నుంచి వచ్చేది మిషన్ జవాబే. పోస్టైతే సంతకం పెట్టి తీసుకోవాలి కాబట్టి, మీ ఆఫీసులో మనిషనేవాడు కూర్చుంటాడా లేదా అన్నది ఈ దెబ్బతో తేలిపోతుంది.

ముందు మేమెవరమో చెప్తా, ఎందుకంటే మీ రికార్డుల్లో మాది మంగుళూరు అని ఉంది. మాది ఒంగోలండీ. కర్నూలు రోడ్డు పట్టుకుని వస్తే చీమకుర్తి తగులుతుంది, అక్కడ గెలాక్సీ రాయిని స్లాబులుగా కోసి పాలిష్ పట్టే యూనిట్ మాది. నల్లటి రాయి, లోపల బంగారు రంగు చుక్కలు, ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అని వెతికేది దీన్నే. వెతికితే మాత్రం మేం కనపడం, ఎక్కడో ఆఫీసు తెరిచి మా దగ్గరే కొని అమ్ముకునేవాళ్లు పైన కనపడతారు. ఈ రోజుల్లో బయటి దేశం పార్టీ గూగుల్లో చూసుకున్నాకే ఫోన్ చేస్తోంది. బ్రోకర్లకి పోసేదన్నా తగ్గుతుందని ఒక ఎస్‌ఈఓ మనిషిని, అంటే గూగుల్లో వెతికితే మా సైటు పైన కనపడేలా చేసేవాణ్ని, జీతానికి పెట్టుకుందామనుకున్నాం. మా అకౌంటెంటు, ఎగుమతి కాగితాలు చూసే కుర్రాడు ఇద్దరూ మీ ద్వారా వచ్చినవాళ్లే, బాగానే చేస్తున్నారు. ఆ నమ్మకంతోనే ఇంకో చోట విచారించను కూడా విచారించలేదు. పైగా పక్క యూనిట్ల వాళ్లకి కూడా మీ పేరే చెప్పా. ఇప్పుడు వాళ్లు టీ కొట్టు దగ్గర కనపడి "ఏందన్నా, ఆ హైదరాబాదోళ్లు ఏమన్నారు?" అంటుంటే మొహం చాటేయాల్సి వస్తోంది.

డబ్బు కట్టేదాకా మీ సేల్స్ అబ్బాయి ఎంత మర్యాదస్తుడో! పొద్దున అన్నా, మధ్యాహ్నం అన్నా, రాత్రి భోజనానికి కూర్చుంటే అన్నా తిన్నావా అన్నా. అభ్యర్థుల్ని మేమే వడపోసి పంపుతాం, మీరు ఇంటర్వ్యూ చేసి తీసుకోవడమే, 90 రోజుల్లోపు మనిషి మానేస్తే ఇంకొకర్ని ఉచితంగా ఇస్తాం అన్నాడు. అగ్రిమెంటులోనూ అదే ఉంది. డబ్బు జమైందని మెసేజ్ వచ్చిన రోజు నుంచి ఆ అన్న మాట మళ్లీ వినపడలేదు.

మీ వడపోత సంగతి కూడా కాస్త చెప్పాలి, మీరే చదువుకుని ఆనందించండి. మా అమ్మాయి బీటెక్ చదివింది, ఎస్‌ఈఓ వాళ్లని పెట్టుకునే ముందు ఏమేం అడగాలో గూగుల్ వాళ్లే రాసి పెట్టారని చెప్పి ప్రశ్నలు తయారు చేసింది. ఎవరైనా మొదటి స్థానం గ్యారంటీ అంటే నమ్మొద్దని అందులో స్పష్టంగా ఉంది. పని మొదలుపెట్టాక ఫలితం కనపడటానికి మామూలుగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా గూగుల్ వాళ్లే చెప్తారు. మీరు వడపోసి పంపిన మొదటి పెద్దమనిషి కుర్చీలో కూర్చోకముందే "పదిహేను రోజుల్లో నంబర్ వన్, రాసిస్తా సార్" అన్నాడు. ఇంకొకతన్ని మా సైటులో ముందు ఏం చూస్తావయ్యా అంటే, కీవర్డ్స్ ట్యాగ్ నిండా, అంటే పేజీ కోడ్‌లో చూసేవాళ్లకి కనపడకుండా వెతుకుడు మాటలు రాసే చోట, పదాలు నింపుతానన్నాడు. వెబ్ ర్యాంకింగుకి ఆ ట్యాగుని అసలు చూడమని గూగుల్ 2009లోనే ప్రకటించింది, ఆ లెక్కన ఇతను అప్పటికి బళ్లో ఉండుండాలి. మరొకతను సెర్చ్ కన్సోల్ (గూగుల్లో మన సైటు ఎలా కనపడుతోందో చూపించే గూగుల్ వాళ్ల పనిముట్టు) పాస్‌వర్డ్ ఇచ్చేస్తే మిగతాది తను చూసుకుంటానన్నాడు. గూగుల్ వాళ్లు చెప్పేదేమో, ముందు చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చి, ఏం లోపాలున్నాయో రాయించుకుని, ఆ తర్వాతే సైటు మీద చెయ్యి వేయనివ్వాలట. ఇద్దరు అభ్యర్థుల రెజ్యూమెల్లో ఒకే సైటు, ఒకే గ్రాఫు, ఒకే అచ్చుతప్పు! మీ జల్లెడకి అడుగున్నట్టు లేదు.

ఉన్నవాళ్లలో నెమ్మదిగా, సూటిగా మాట్లాడిన అబ్బాయిని తీసుకున్నాం. చేరాడు, సైటు కొత్తగా చేస్తున్నానని వర్డ్‌ప్రెస్ (మా సైటు నడిచే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో సెర్చ్ ఇంజన్లు ఈ సైటు చూడొద్దు అనే గడిలో టిక్ పెట్టాడు, పని అయ్యాక తీయడం మరిచాడు. అంతకుముందు నాలుగో పేజీలోనన్నా ఉండేవాళ్లం, అదీ పోయి మొత్తానికే మాయమయ్యాం. తర్వాత ఒకరోజు అతనూ మాయం, ఫోన్ స్విచాఫ్. పోనీండి, మనుషులన్నాక మానేస్తారు, మా ఒంగోలు ఎండలకి తట్టుకోలేక పోయాడేమో. ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా ఆ తర్వాత మీరు ఆడిన ఆట మీద.

ఫోన్ చేస్తే తెలుగు కోసం రెండు నొక్కమంటుంది, నొక్కితే హిందీలో ఎత్తుతారు. వచ్చీరాని హిందీలో ఊరి పేరు చెప్తే మంగుళూరు అని రాసుకున్నారు, ఆ పుణ్యాన కొన్నాళ్లు మంగుళూరులో పనిచేయడానికి సిద్ధమంటూ ఎవరెవరో ఫోన్లు చేశారు. ఆ తర్వాత ఒక మేడమ్ దొరికారు, తెలుగావిడే, గొంతు చల్లగా ఉంది, ఏం చెప్పినా "అర్థమైంది సర్, మీ ఇబ్బందికి చింతిస్తున్నాం" అంటారు. ఒకసారి కావాలనే, ఇక్కడ మంచి వాన పడుతోందమ్మా అన్నా. దానికీ చింతించారు. పై వాళ్లకి ఇవ్వండి అంటే లైన్లో ఉండమని పాట పెట్టారు, ఆ పాట వింటూ రెండు లారీల లోడింగు పూర్తి చేయించా, పైవాళ్లు మాత్రం రాలేదు. మాకు రిలేషన్‌షిప్ మేనేజర్ అని ఒకాయన ఉన్నాడట, ఆయన మారాడు, కొత్తాయన అంతా మొదట్నుంచి చెప్పమన్నాడు, చెప్పా, అగ్రిమెంటు ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నాడు, పెట్టా, నీలం టిక్కులు పడ్డాయి, అంతటితో ఆ రిలేషన్‌షిప్పూ అయిపోయింది.

అన్నిటికన్నా నా ఒళ్లు మండింది ఎక్కడంటే, 90 రోజుల గడువు లోపలే నేను పెట్టిన ఫిర్యాదుని మీరే "సమస్య పరిష్కరించబడింది" అని మూసేశారు. ఏం పరిష్కరించారు, ఎవరికి పరిష్కరించారు? అడిగితే కొత్త టికెట్ పెట్టుకోమన్నారు. పెట్టాక, ఈ టికెట్ తేదీ ప్రకారం మీ గడువు దాటిపోయింది, గ్యారంటీ వర్తించదు అన్నారు! ఆ వెంటనే ఫోన్‌కి ఇంకో మెసేజ్, మా సేవలకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. ఈ ఐడియా వచ్చినవాడికి మాత్రం జీతం పెంచండి.

డబ్బు వెనక్కిస్తారో, పనొచ్చిన మనిషిని ఇస్తారో, రెండూ కలిపి ఏం చేస్తారో అది మీరే ఆలోచించుకోండి. ముందు పేరూ హోదా ఉన్న ఒక మనిషి నాకు ఫోన్ చేసి, మొదటి టికెట్ ఎందుకు మూశారో చెప్పాలి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఒంగోలులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వ్యాపారం కోసం తీసుకున్న సేవ కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీకు వర్తించదు అని మీ లీగల్ వాళ్లు సణుగుతారని మా లాయరు ముందే చెప్పాడు. అలాగైతే సివిల్ కోర్టులో చూసుకుందాం, మాకు క్వారీ తగాదాలతో కోర్టు మెట్లు అలవాటే.

ఇంకో సంగతి. మీరు పంపిన వాళ్లని ఇంటర్వ్యూలు చేసీ చేసీ మా అమ్మాయికి ఈ ఎస్‌ఈఓ పని బాగానే పట్టుబడింది. మీ కంపెనీ పేరు, పక్కనే రిఫండ్, పక్కనే ఫిర్యాదు, ఇవన్నీ శీర్షికలో వచ్చేలా ఒక పేజీ రాసి పెట్టుకుంది. ఇక్కడ రాసిందంతా టికెట్ల ఫొటోలతో సహా అందులో ఉంది. ఇంకా పబ్లిష్ నొక్కలేదు. ఆ పాడు టిక్ మాత్రం ముందే తీసేసింది.

నా నంబరు మీకు కొత్తగా ఇవ్వక్కర్లేదు. మీ సేల్స్ వాళ్లు ఇప్పటికీ దానికే ఫోన్ చేసి, అన్నా కొత్త ప్యాకేజీ వచ్చింది తీసుకుంటావా అని అడుగుతున్నారు.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
చీమకుర్తి (మంగుళూరు కాదు)