ఖాళీల ప్రశ్నలకు జవాబుతోపాటు కారణమూ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పుటలో వచ్చే ఇంగ్లిష్ నమూనా ప్రశ్నలను తిరుపతిలో పదో తరగతి పిల్లలూ, పోటీ పరీక్షల అభ్యర్థులూ కత్తిరించి దాచుకుంటున్నారు. అయితే ‘సరైన పదంతో ఖాళీని పూరించండి’ అనే ప్రశ్నలకు 1-బి, 2-డి అంటూ జవాబులు మాత్రమే ఇస్తున్నారు. వాక్యంలోని ఏ మాట వల్ల ఆ జవాబు తేలిందో ఒక్క వరుసలోనైనా చెప్పాలని కోరుతున్నాను.

ఇక్కడ పదజాలం నేర్పడమంటే పదాల పట్టికలు బట్టీ పట్టించడమే అయిపోయింది. పదాలు తెలియాలి, కాదనను. కానీ ఎంత పెద్ద పట్టిక వల్లించినా, పరీక్షలో తెలియని పదం ఒకటైనా ఎదురవుతుంది. అప్పుడు ఆదుకునేది చుట్టూ ఉన్న వాక్యమే.

‘వేసవిలో ఇసుక మేటలు తప్ప చుక్క నీరు కనిపించని స్వర్ణముఖి, తుపాను వానలకు మాత్రం ______ ప్రవహించింది’ అన్న వాక్యానికి మందకొడిగా, ఉద్ధృతంగా, నిర్మలంగా, సన్నగా అని నాలుగు పదాలు ఇచ్చారనుకుందాం. ముందు చెప్పినదానికి ఎదురైనది రాబోతోందని ‘మాత్రం’ చెబుతోంది, ఎందుకో ‘తుపాను వానలు’ చెబుతోంది. ఈ రెండూ పట్టుకున్న విద్యార్థి ‘ఉద్ధృతంగా’ అనే పదం ఎన్నడూ వినకపోయినా, మిగతా మూడూ పొసగవని గ్రహించి దాన్నే ఎంచుకుంటాడు. ఇంగ్లిష్‌లో ఆల్దో, బట్, హవెవర్ ఎదురు భావాన్నీ, బికాజ్, దేర్‌ఫోర్ కార్యకారణాలనూ ఇలాగే పట్టిస్తాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక వాక్యం పూర్తిగా చదవడం మన పిల్లలకు అలవాటే. ఇంగ్లిష్‌కు వచ్చేసరికి ఖాళీ కనపడగానే ఆగి, ఇచ్చిన నాలుగు పదాల వైపు చూస్తున్నారు. ఆధారం చాలాసార్లు ఖాళీ తర్వాతే ఉంటుంది. వాక్యమంతా చదివి, అక్కడ ఎలాంటి మాట రావాలో ముందు తమ మనసులో అనుకుని, ఆ తర్వాతే ఆ నాలుగింటినీ చూడమని నేర్పాలి.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ తొలి దశ పరీక్షలో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు రాయాలి. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. అక్కడ గుడ్డిగా గుర్తు పెట్టడానికీ, ఆధారం చూసి ఎంచుకోవడానికీ ఉన్న తేడా ఉద్యోగం దాకా వెళుతుంది. పాఠంలో పదాలు తీసేసి పూరించమనే క్లోజ్ పద్ధతిని 1953లో అమెరికాకు చెందిన విల్సన్ టేలర్ ప్రతిపాదించినది కూడా ఒక రచన చదువరికి ఎంత సులువుగా అర్థమవుతుందో కొలవడానికే తప్ప, జ్ఞాపకశక్తిని పరీక్షించడానికి కాదు.

ప్రశ్నలు తయారుచేసేవారికీ ఇందులో బాధ్యత ఉంది. ‘అతడు చాలా ______ మనిషి’ అని ఇచ్చి మంచి, మొండి, తెలివైన, పిసినారి అని నాలుగు పదాలు పెడితే ఏది తప్పని చెప్పగలం? ఇలాంటి ప్రశ్నలు పత్రికల్లోనూ, గైడ్లలోనూ కనిపిస్తూనే ఉన్నాయి. ప్రతి జవాబుకూ కారణం రాయాలన్న నియమం పెడితే, రాయడానికి కారణం దొరకని ప్రశ్న అచ్చుకు వెళ్లకముందే ఆగిపోతుంది. స్థలం చాలదంటే పది ప్రశ్నలకు బదులు ఐదే ఇవ్వండి.

- ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, తిరుపతి