గులాబీ పెంపకందారుల సంఘం, విజయవాడ: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏప్రిల్‌లో ఏడాది కార్యక్రమాలు అనుకున్నప్పుడు పూల ప్రదర్శన గురించే గంటసేపు వాదించుకున్నాం. బుడమేరు వాగు పొంగుతుందన్న మాట ఎవరి నోటా రాలేదు. సెప్టెంబరు 1న సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ప్రదర్శన ఆగిపోయింది. మనుషులే మేడలెక్కి పాలపాకెట్ల కోసం ఎదురుచూస్తున్న రోజులవి, కుండీల సంగతి అడగడానికి ఎవరికీ మనసొప్పలేదు. నీళ్ళు దిగాక చూస్తే డాబా మీద మొక్కలు బతికాయి. వాకిట్లో, పెరట్లో ఉన్నవి రోజుల తరబడి మునిగే ఉన్నాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొక్కలు నీరసించాయి కదా, కాస్త డీఏపీ వేయండని అందరికీ ఫోన్లు చేసి చెప్పింది కార్యదర్శిగా నేనే. కుళ్ళిన వేళ్ళు ఎరువేం తీసుకుంటాయి? ఉన్న నాలుగు ఆకులూ అంచుల నుంచి మాడిపోయాయి. చివరికి మన సభ్యురాలు, ఒక పెద్దావిడ చెప్పిన పద్ధతే పనికొచ్చింది. కుండీ బోర్లించి, నల్లబడి మెత్తగా ఊడొచ్చే వేళ్ళు తీసేసి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో తిరిగి నాటి, నీడన పెట్టడం. చిగురు కనపడేదాకా ఎరువు ఊసెత్తకూడదు. ప్రాణం ఉందో లేదో చూడాలంటే కొమ్మను గోటితో గీకమన్నారు. లోపల పచ్చగా ఉంటే సరే, గోధుమరంగులో ఉంటే పచ్చ తగిలేదాకా కోసెయ్యాలి. మా డబుల్ డిలైట్ రకం గులాబీని కోస్తూ కోస్తూ, అంటు కట్టినచోట ఉండే బుడిపె దాకా వచ్చేశాను. మా ఆవిడ ఇక పారెయ్యమంది. కార్తీకమాసంలో ఆ బుడిపె పక్కన గోరంత ఎర్రటి మొలక కనిపించింది.

చాలామందికి చిగుర్లు గుబురుగా వచ్చాయి గానీ, అంటుకి కింద నుంచి. అవి అంటు కట్టడానికి అడుగున వాడిన అడవి గులాబీ చిగుర్లు, వదిలేస్తే పైమొక్కను తినేస్తాయి. ఏడేసి ఆకులుంటే అడవిదే అని మనవాళ్ళు గట్టిగా నమ్ముతారు. అది అన్నిసార్లూ నిజం కాదు, మట్టి తవ్వి ఎక్కడి నుంచి మొలిచిందో చూడండి. కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది, మొదలంటా పీకాలి.

అక్టోబరులో జరగాల్సిన కత్తిరింపుల శిక్షణ నవంబరు మధ్యకి జరిగింది. ఒకందుకు అదీ మంచిదే అయింది, సంక్రాంతికి డాబాల నిండా పూలు.

డిసెంబరులో వ్యాను కట్టించుకుని కడియం నర్సరీలకి వెళ్ళాం. మొక్కలు పోయినవాళ్ళకి సంఘం ఖర్చుతో తలా ఒక అంటు, రంగు ఎంపిక వాళ్ళదే. దాంతో బేరాలకి పొద్దుగూకింది. కవరులో వేళ్ళ చుట్టూ ఉన్న జిగట మట్టిని నానబెట్టి వదులు చేశాకే నాటండి. అలాగే పాతితే నీళ్ళు లోపలికి దిగవు.

ఫిబ్రవరి నుంచి రసం పీల్చే తామర పురుగుతో టెన్షన్. మొగ్గలు విచ్చకుండానే అంచులు మాడాయి. గుంటూరు నుంచి వచ్చే మిరప రైతు సభ్యుడొకరు “మీకు ఇవాళ తెలిసిందా దీని సంగతి!” అని నవ్వి, నీలం రంగు జిగురు అట్టలు కట్టించారు. కొంత తగ్గింది.

ఖర్చులో వ్యాను బాడుగదే పెద్ద వాటా. లెక్కల కాగితం సమావేశంలో పంచుతాం. చందా పెంచడం లేదు, పాత బాకీలు మాత్రం తీర్చండి. ఈసారి అక్టోబరు శిక్షణకి ఎవరి కత్తెర వాళ్ళు తెచ్చుకోవాలి. పోయినసారి ఒకే కత్తెర ఇల్లిల్లూ తిరిగి, దాంతోపాటు కొమ్మ ఎండు తెగులూ తిరిగింది.

— కార్యదర్శి