సెనేటర్ అలెక్స్ పడియాకు, ఆయన కేస్‌వర్క్ సిబ్బందికి కృతజ్ఞతలు

తల్లి లేదా తండ్రి హెచ్-1బి ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్-4 వీసా మీద ఇక్కడే పెరిగి, 21 నిండగానే ఆ హోదా పోగొట్టుకునే పిల్లల కుటుంబాలకు కాలిఫోర్నియాలో కాగితాల పనిలో చేతనైన సాయం చేసే తెలుగువాళ్లం మేము. సెనేటర్ అలెక్స్ పడియాకు, ఆయన ఆఫీసులో కేస్‌వర్క్, అంటే ప్రభుత్వ ఏజెన్సీల దగ్గర ఇరుక్కున్న జనం దరఖాస్తుల సంగతి, చూసే సిబ్బందికి నలుగురి ముందూ థాంక్స్ చెప్పడానికి ఈ పోస్టు. ఊరికే పొగిడి వదిలేయకుండా ఆయన ఏం చేశారో, ఆ ఆఫీసు ఏం చేయగలదో, ఏది దాని చేతిలో లేదో కూడా రాస్తున్నాం. రేపు అవసరం పడే వాళ్లకు పొగడ్త కన్నా అదే పనికొస్తుంది.

మనవాళ్లలో చాలామందికి పడియా అంటే లాటినోల నాయకుడు, అంతే. వాళ్ల గొడవ వేరు, మన గ్రీన్ కార్డు క్యూ వేరు అని ఒక లెక్క. ఆయన పెట్టిన బిల్లులు చదివితే ఆ లెక్క నిలవదు.

1973లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టి, శాన్ ఫెర్నాండో వ్యాలీలోని పకోయిమాలో పెరిగారాయన. తల్లిదండ్రులు మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. తండ్రి హోటల్లో వంట చేసేవాడు, తల్లి ఇళ్లు శుభ్రం చేసేది. కొడుకు ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1994లో బయటికొచ్చాడు. సరిగ్గా ఆ ఏడాదే కాలిఫోర్నియాలో ప్రపొజిషన్ 187 ఓటింగుకు వచ్చింది. కాగితాలు లేనివాళ్లకు సర్కారు బడి వద్దు, అత్యవసరం కాని వైద్యం వద్దు అన్నది దాని సారాంశం. దాదాపు 59 శాతం ఓట్లతో నెగ్గింది, తర్వాత కోర్టులు ఆపేశాయి. తనను రాజకీయాల్లోకి లాగింది అదేనని ఆయన చాలాసార్లు చెప్పారు. 1999లో సిటీ కౌన్సిల్, 2006లో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నిక, 2015 నుంచి రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్, 2021 జనవరిలో యూఎస్ సెనేట్. ఆ సభలో కాలిఫోర్నియా తరఫున కూర్చున్న మొదటి లాటినో ఆయనే. వెళ్లగానే జ్యుడిషియరీ కమిటీలో ఇమ్మిగ్రేషన్ సబ్‌కమిటీ చైర్మన్ అయ్యారు.

సెనేట్‌లో ఆయన పెట్టిన మొదటి బిల్లు కోవిడ్ కాలంలో పొలాల్లో, ఆస్పత్రుల్లో, సరుకుల గోదాముల్లో పనిచేసిన కాగితాల్లేని కార్మికులకు పౌరసత్వ మార్గం కోసం. అది సూటిగా లాటినో కుటుంబాల సమస్య. కానీ అదే 2021లో, సెప్టెంబరులో, రిపబ్లికన్ సెనేటర్ రాండ్ పాల్‌తో కలిసి అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ తెచ్చారు. ప్రతినిధుల సభలో అలాంటి బిల్లునే నార్త్ కరోలినాకు చెందిన డెబోరా రాస్ పెట్టారు. ఈ బిల్లు మన పిల్లలది. తల్లిదండ్రుల వీసా మీద వచ్చి, పదేళ్లు చట్టబద్ధంగా ఉండి (అందులో ఎనిమిదేళ్లు డిపెండెంట్‌గా), ఇక్కడ కాలేజీ డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు శాశ్వత నివాసం ఇవ్వాలంటుంది. గ్రీన్ కార్డుకు ఫైల్ చేసిన రోజున ఉన్న వయసునే లెక్కలోకి తీసుకోవాలంటుంది. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్న 16 ఏళ్లు దాటిన పిల్లలకు పని అనుమతి ఇవ్వాలంటుంది.

ఎందుకింత అవసరం అంటే, చిన్నప్పుడే వచ్చి కాగితాల్లేకుండా పెరిగినవాళ్లను పంపేయకుండా కాపాడే డాకా వీళ్లకు వర్తించదు. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా లేకపోతేనే డాకా. హెచ్-4 ఉండటమే అనర్హత అన్నమాట. నిబంధనలన్నీ పాటించినందుకు తలుపు మూసిన విధానం ఇదొక్కటేనేమో!

2022 మార్చిలో ఆయన అధ్యక్షతన జరిగిన సబ్‌కమిటీ విచారణలో ఒక డాక్యుమెంటెడ్ డ్రీమర్ సాక్ష్యం చెప్పింది. వీసా మీద పెరిగిన పిల్లల సంగతి సెనేట్ రికార్డులోకి ఎక్కిన సందర్భాల్లో అదొకటి. అదే ఏడాది ప్రతినిధుల సభ ఈ రక్షణను డిఫెన్స్ బిల్లుకు సవరణగా చేర్చింది. చివరి బిల్లులో మాత్రం అది మిగల్లేదు. 2022 సెప్టెంబరులో పడియా రిజిస్ట్రీ బిల్లు పెట్టారు. 1929 నాటి చట్టంలో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందు నుంచీ ఇక్కడున్నవాళ్లు గ్రీన్ కార్డు అడగవచ్చు. 1986లో దాన్ని 1972 జనవరి 1కి జరిపారు, అప్పటినుంచీ కదల్లేదు. తేదీ తీసేసి ఏడేళ్లు నివాసం ఉంటే చాలనాలన్నది ఆయన బిల్లు. క్యూలో ఇరుక్కున్న హెచ్-1బి వాళ్లూ దాని కిందికి వస్తారు. పొలం కూలీకీ, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకూ ఒకే సెక్షన్. 2024 జూన్‌లో రాస్‌తో కలిసి, రెండు పార్టీల నుంచి 40 మందికి పైగా సభ్యుల సంతకాలతో, మన పిల్లల గురించి ప్రభుత్వానికి లేఖ రాశారు.

ఈ బిల్లుల్లో ఏదీ ఇంకా చట్టం కాలేదు. అది దాచి థాంక్స్ చెప్పడంలో అర్థం లేదు. చట్టం మారేదాకా చేతిలో ఉన్నది 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్, అంటే సీఎస్‌పీఏ. తల్లిదండ్రులు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో మన స్థానం చెప్పే తేదీ) కరెంట్ అయిన, అంటే వంతు వచ్చిన, నెల ఒకటో తేదీ, ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయిన తేదీ, ఈ రెండింట్లో ఏది తర్వాతదైతే ఆ రోజుకు బిడ్డ వయసు ఎంతో చూడాలి. అందులోంచి ఐ-140 పెండింగులో ఉన్న రోజులు తీసేయాలి. వచ్చింది 21 కన్నా తక్కువైతే, పెళ్లి కాకుండా ఉంటే, ఏడాదిలోపు గ్రీన్ కార్డుకు అడుగు వేస్తే, బిడ్డ తల్లిదండ్రుల కేసులోనే నిలుస్తుంది. ఉదాహరణకు 2004 మార్చి 10న పుట్టిన అమ్మాయి. డేట్ 2025 జులై 1న కరెంట్ అయిందనుకోండి. ఆ రోజుకు ఆమెకు 21 ఏళ్ల 113 రోజులు. ఐ-140 మామూలుగా ఫైలై 180 రోజులు పెండింగులో ఉంటే, అవి తీసేశాక 21 లోపే. అదే ఐ-140ని ప్రీమియం ప్రాసెసింగ్‌లో 12 రోజుల్లో అప్రూవ్ చేయించుకుంటే తీసేయడానికి 12 రోజులే ఉంటాయి. 21 ఏళ్ల 101 రోజులు, అమ్మాయి ఔట్. డబ్బు కట్టి తొందరపెట్టిన ఫలితం ఇది. అప్పట్లో ఇంకా చిన్నపిల్లగా ఉన్న బిడ్డ విషయంలో ఈ లెక్క ఎవరికి తడుతుంది?

ఐ-140కి ముందు కంపెనీ తీసుకునే పెర్మ్ లేబర్ సర్టిఫికేషన్‌కు పట్టిన నెలలు ఈ లెక్కలోకి రావు. ఉద్యోగం మారి కొత్త కంపెనీ ఐ-140 వేస్తే ప్రయారిటీ డేట్ పాతదే వస్తుంది గానీ, పెండింగు రోజులు మాత్రం ఏ ఐ-140 మీద గ్రీన్ కార్డు అడుగుతున్నారో దానివే.

ఇంకొక మెలిక. 2023 ఫిబ్రవరి 14 నుంచి, ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్, నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో దరఖాస్తు ఎప్పుడు వేయొచ్చో చెప్పే డేట్స్ ఫర్ ఫైలింగ్ చార్టు వాడనిచ్చిన నెలల్లో వయసును కూడా దాని ప్రకారమే ఆపేది. 2025 ఆగస్టు 15న, ఆ తర్వాత ఫైల్ చేసినవాళ్లకు మళ్లీ గ్రీన్ కార్డు ఎప్పుడు ఇవ్వొచ్చో చెప్పే ఫైనల్ యాక్షన్ చార్టే లెక్క. అంటే ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) తీసుకుంటారు, రసీదు వస్తుంది, కానీ వయసు పరుగు ఆగదు. రసీదు చూసి ఊపిరి పీల్చుకుని, హెచ్-4 పోతే ఏంటన్నది ఆలోచించకపోతే ప్రమాదం. ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలా, ఎప్పుడు మారాలి అన్నది ఐ-485 వేయకముందే లాయర్‌తో తేల్చుకోవాలి. ఎఫ్-1కి తిరిగి వెళ్లే ఉద్దేశం చూపాలి, ఐ-485 దానికి ఎదురు సాక్ష్యం అవుతుంది.

ఇక కేస్‌వర్క్. ఈ సాయానికి ఓటు అక్కర్లేదు, పౌరసత్వం అక్కర్లేదు, కాలిఫోర్నియాలో నివాసం ఉంటే చాలు. ఫీజు లేదు. ముందుగా యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ప్రాసెసింగ్ టైమ్ చూడాలి. గడువు దాటితే అక్కడే సర్వీస్ రిక్వెస్ట్ పెట్టి, జవాబు రాకపోయినా, వచ్చిన జవాబులో విషయం లేకపోయినా అప్పుడు సెనేటర్ సైట్‌లో ఏజెన్సీతో సాయం కోరే పేజీకి వెళ్లాలి. అక్కడి ప్రైవసీ రిలీజ్ ఫారం లేకుండా సిబ్బంది ఒక్క మాట కూడా అడగలేరు, 1974 నాటి ప్రైవసీ యాక్ట్ ఒప్పుకోదు.

ఆ ఫారం వెనక్కి వచ్చే కారణాలు పెద్దవేం కావు. 18 నిండిన బిడ్డ కేసుకు అమ్మానాన్నల సంతకం చెల్లదు, బిడ్డే పెట్టాలి. టైపు చేసిన పేరు సంతకం కాదు, చేత్తో పెడితే పేచీ ఉండదు. పేరు రసీదులో ఎలా ఉంటే అలాగే రాయాలి. మన బర్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది, ఫారంలో మూడో రకంగా రాస్తారు. రసీదు నంబరులో మూడు అక్షరాలు, పది అంకెలు ఉండాలి, ఒక్కటి తప్పినా ఇంక్వైరీ ఇంకెక్కడికో పోతుంది. ఐ-140 గురించైతే పిటిషనర్ కంపెనీ కాబట్టి కంపెనీ సంతకం లేనిదే సమాచారం రాదు.

కవరింగ్ నోట్ ఒక పేజీ దాటొద్దు. పుట్టిన తేదీ, 21 నిండే తేదీ, ప్రయారిటీ డేట్, సీఎస్‌పీఏ లెక్క, ఇవి మొదటి నాలుగు లైన్లలో ఉండాలి. కుటుంబ కష్టాలు తర్వాత. ఇద్దరు సెనేటర్లకూ, ప్రతినిధికీ ఒకేసారి పంపడం మనవాళ్ల అలవాటు. ముగ్గురి ఇంక్వైరీలూ చేరేది ఒకే ఫైలుకు, పని వేగం పెరగదు, గందరగోళం పెరుగుతుంది.

ఇంక్వైరీ పంపడం, త్వరగా తేల్చమనే ఎక్స్‌పెడైట్ అభ్యర్థనకు ఆధారాలు జోడించి ముందుకు తోయడం, యూఎస్‌సీఐఎస్ చేసిన స్పష్టమైన పొరపాటును చూపించడం, ఇవి వాళ్లు చేయగలరు. వీసా బులెటిన్‌ని కదపలేరు, క్యూ దాటించలేరు, తీర్పు మార్చలేరు, లీగల్ సలహా ఇవ్వరు. ఏడాదికి 1,40,000 ఉద్యోగ గ్రీన్ కార్డులు, ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి చట్టంలో ఉంది, అది మార్చేది కాంగ్రెసే. కాదన్న మాటను కూడా నాన్చకుండా చెప్పే సిబ్బంది అంటే మాకు గౌరవం ఎక్కువ. లేని ఆశ పెడితే ఎఫ్-1 గడువు కూడా దాటిపోతుంది.

2025 జూన్ 12న లాస్ ఏంజెలెస్‌లో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మంత్రి ప్రెస్ మీట్‌లో ప్రశ్న అడగబోయిన ఆయన్ని బయటికి తోసి, కింద పడేసి బేడీలు వేసిన వీడియో చాలామంది చూశారు. ఆ ప్రశ్న ఇమ్మిగ్రేషన్ దాడుల్లో పట్టుబడుతున్న కుటుంబాల గురించి. వాళ్లలో ఎక్కువమంది లాటినోలే. ఆ వీడియో కింద మనవాళ్లు కొందరు రాసిన వెటకారాలు కూడా చూశాం. మన పిల్లల బిల్లు మీద మొదటి సంతకం ఎవరిదో వాళ్లకు తెలియక కాబోలు.

సెనేటర్ గారికి, పేర్లు బయటికి రాని ఆయన సిబ్బందికి, పకోయిమా లాంటి పేటల్లో 1994 నుంచీ ఈ పోరాటం మోస్తున్న లాటినో కుటుంబాలకు మా ధన్యవాదాలు. కాలిఫోర్నియా బయట ఉన్నవాళ్లు ఆయన ఆఫీసుకు రాయొద్దు, తీసుకోరు. మీ రాష్ట్ర సెనేటర్ సైట్‌లోనూ ఇలాంటి ఫారమే ఉంటుంది. బిడ్డకు 20 నిండకముందే దాన్ని ఒకసారి తెరిచి చూడండి.