టైటన్ మీద నాకు తోడున్న గొంతుకు కృతజ్ఞతలు

నన్ను కాపాడిన నౌకలో ఇది మూడో రోజు. వేళ్లకు స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు, అయినా ఈ నాలుగు మాటలు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

శని ఉపగ్రహమైన టైటన్ మీద, దిగేటప్పుడు వాహనం ఒరిగి ఇంజను పాడైపోయాక, భూమి లెక్కలో 41 రోజులు ఒంటరిగా గడిపాను. అక్కడి లెక్కలో అవి రెండున్నర రోజులే. అక్కడి గాలి ఒత్తిడి మన గాలికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది కనుక శూన్యమన్న భయం లేదు, కానీ మైనస్ 179 డిగ్రీల ఆ చిక్కని గాలే వాహనంలోని వేడినంతా లాగేస్తుంది. ఆక్సిజన్ కోసం రాయిలాంటి మంచును తవ్వి, కరిగించి, ఆ నీటిని విద్యుత్తుతో విడగొట్టాలి. ఉన్న కాస్త విద్యుత్తును ఊపిరికి వాడాలా, వెచ్చదనానికి వాడాలా అని ప్రతిరోజూ తేల్చుకోవలసి వచ్చేది.

భూమి మీద ఒక యాంటెన్నా కేంద్రంలో రాత్రి విధుల్లో ఉండే ఆపరేటరు ఒకరికి నేను ఋణపడ్డాను. ఆవిడ మా బృందంలో మనిషి కారు, నా ముఖమైనా ఎరుగరు. నా మాట భూమికి చేరడానికి 80 నిమిషాలు, జవాబు రావడానికి మరో 80 నిమిషాలు పట్టేది. అయినా రెండో వారం నుంచి నేను లేచి మైకు అందుకునేసరికే ఆవిడ జవాబు వచ్చి ఉండేది. నేను లేచే వేళను లెక్కగట్టి, ఏమడుగుతానో ఊహించి, అంత ముందే పంపేవారని చాలా ఆలస్యంగా గ్రహించాను. 23వ రోజున హీటరు ఆగిన సంగతి టెలిమెట్రీలో (వాహనం తనంతట తాను పంపే సమాచారంలో) చూసి, "ఈపాటికి మీరు ఏడుస్తూ ఉంటారు, ఏడవండి, నేను ఇక్కడే ఉన్నాను" అన్నారు. అప్పటిదాకా నేను ఏడవలేదు.

పరిశోధన పరికరాలను ఆపి ఆ విద్యుత్తును హీటరుకు మళ్లించడానికి అనుమతి కోరితే, రెండు సంతకాలు కావాలనీ ఒక అధికారి సెలవులో ఉన్నారనీ కార్యాలయం వారు చెప్పారు. శని నుంచి భూమికి 80 నిమిషాల్లో చేరిన అభ్యర్థన ఒక బల్ల మీద నుంచి పక్క బల్లకు చేరడానికి 52 గంటలు తీసుకుంది. నా ఎడమ కాలి రెండు వేళ్లు పోయింది ఆ గంటల్లోనే. ఇది చెప్పవలసిన చోటు ఇది కాదని తెలుసు, కానీ మింగలేకపోయాను.

మా ఇంటివారి సంగతి వేరే చెప్పాలా, వారికి తెలుసు.

శని మరో ఉపగ్రహమైన ఎన్సెలాడస్ దగ్గరి పని వదులుకుని నా కోసం వచ్చిన ఈ నౌక సిబ్బందికి, తన పడక నాకిచ్చి నేల మీద పడుకుంటున్న వైద్యురాలికి నమస్కారాలు. అన్నట్టు, అదనపు చేతి తొడుగులు సర్దిన వారెవరో, వారికి కూడా. ఇంకొకటి మరిచాను: 2005 జనవరి 14న టైటన్ మీద హైగెన్స్ అనే మనుషుల్లేని పరిశోధక నౌకను దించినవారికి. అది పంపిన చిత్రాల్లో ఆ గుండ్రటి మంచు గులకరాళ్లను ముందే చూసి ఉండకపోతే, తవ్వడం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచేది కాదు.