ముందు అడగనిచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు

అమ్మ భూస్థాపన నిన్న జరిగింది. ఇంకా నిద్ర పట్టడం లేదు, కూర్చుని ఇది రాస్తున్నాను. నాలుగు రోజులాగితే కాస్త కుదురుగా రాయగలనేమో కానీ, ఈలోపు కొన్ని మాటలు మర్చిపోతానేమోనని భయంగా ఉంది.

అన్నయ్య, వదిన, మావారు, పిల్లలు లేకపోతే ఈ రోజులు గడిచేవే కావు. వాళ్లకు నేను విడిగా థాంక్స్ చెబితే కోప్పడతారు కూడా. కాబట్టి అది అక్కడితో వదిలేస్తున్నాను.

నేను రాయాలనుకున్నది ఒక పెద్దాయన గురించి. ఐసీయూ బయట కుర్చీల్లో పరిచయం. చాలా ఏళ్లు మన కథోలిక చర్చి విచారణ ఒకదానిలో, అంటే ఒక పారిష్‌లో, ఉపదేశిగా, అంటే మతబోధ చేసే మనిషిగా పనిచేశారట. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆయన భార్య కూడా అదే ఐసీయూలో, అమ్మకు రెండు మంచాల అవతల ఉన్నారు. తన కష్టమే తనకు నిండా ఉంది. ఎవరినో ఓదార్చడానికి వచ్చిన మనిషి కాదు.

అమ్మను వెంటిలేటర్ మీద పెట్టినప్పటి నుంచి ఫోన్ చేసిన వాళ్లందరూ చివరికి ఒకే మాట అనేవారు, "అంతా దేవుని చిత్తం అమ్మా" అని. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ విన్న ప్రతిసారీ, ఇక అడగడం మానెయ్ అని నాకు చెబుతున్నట్టు ఉండేది. యేసు ప్రభువు నేర్పిన పరలోక జపం మొదలుపెడతాను, "మీ చిత్తము పరలోకమందు నెరవేరునట్లు" దగ్గరకు వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. చిన్నప్పటి నుంచి గడగడా చెప్పుకున్న జపం అది. అక్కడే ఆగిపోయేదాన్ని.

ఐసీయూలోకి తీసుకెళ్లేటప్పుడు ఒంటి మీద ఉన్నవన్నీ తీసేస్తారు కదా. అమ్మ ఉంగరం, కళ్లజోడు, ఎప్పుడూ చేతికి చుట్టుకుని ఉండే జపమాల ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి నాకిచ్చారు. తీసే హడావిడిలో మాల తెగింది. ఆ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన కాసేపు చూసి, "ఇలా ఇవ్వు తల్లీ" అన్నారు. కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని, మాలను కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని, సన్నటి తీగ కొక్కేలను గోటితో విప్పి ఒక్కొక్కటే మళ్లీ కలపడం మొదలుపెట్టారు. వేళ్లు వణుకుతున్నాయి. కొక్కెం జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటున్నారు. చాలాసేపు పట్టింది. ఒక పూస దొరకలేదు. జేబులోంచి దారం ముక్క తీసి, పూస ఉండాల్సిన చోట గట్టిగా ముడి వేసి నా చేతిలో పెట్టారు. "ఈ ముడి దగ్గర కూడా మంగళవార్త జపమే చెప్పుకో" అన్నారు, పూస పూసకూ మరియమ్మ తల్లికి చెప్పుకునే జపం అది.

అప్పటిదాకా అందరి ముందూ గట్టిగా ఉన్న నేను ఆ ముడి చూసి ఏడ్చాను.

ఆపమని ఆయన అనలేదు. ఏడుపు తగ్గాక అడిగారు, "ఏమని ప్రార్థన చేస్తున్నావు తల్లీ?" అని. దేవుని చిత్తం జరగాలని అన్నాను. "అది సరే. నీకేం కావాలో చెప్పావా ఆయనకి?" అమ్మ బతకాలి అన్నాను. "అయితే ముందు అది చెప్పు. పట్టుబడే ముందు రాత్రి గెత్సెమనే తోటలో ప్రభువు మొదట అడిగింది అదేగా, ఈ శ్రమల పాత్ర నా దగ్గర్నుంచి తీసెయ్ తండ్రీ అని. మత్తయి సువార్త తీసి చూడు, మూడుసార్లు వెళ్లి అదే ప్రార్థన చేశాడు. మొదటి మాట దాటేసి రెండో మాటకు పోకు."

ఎన్ని పవిత్ర గురువారాలు ఆరాధనలో కూర్చుని ఉంటాను, ఆ వాక్యాలు ఎన్నిసార్లు విని ఉంటాను! ఎప్పుడూ "నా చిత్తం కాదు, నీ చిత్తమే" అన్న భాగమే చెవిన పడేది. ఆ రాత్రి ఫోన్‌లో లూకా సువార్త 22వ అధ్యాయం తెరిచి చదివాను. చెమట రక్తపు బొట్లలా నేలమీద పడిందని ఉంది. బలపరచడానికి పరలోకం నుంచి దేవదూత వచ్చాడని ఉంది. దూత వచ్చినా పాత్ర తొలగలేదు. హెబ్రీయులకు రాసిన లేఖలో, ఆయన పెద్ద కేకలతో, కన్నీళ్లతో మొరపెట్టుకున్నాడనీ, ఆ మొర ఆలకించబడిందనీ ఉంది. ఆలకించబడిందట! సిలువకు వెళ్లిన మనిషి మొర. ఆ ఒక్క వాక్యం మీద తెల్లారిపోయింది. మరియమ్మ తల్లి కూడా "నేను ప్రభువు దాసురాలను" అనడానికి ముందు "ఇది ఎలా జరుగుతుంది?" అని దేవదూతను అడిగింది కదా. అడిగాకే అప్పగించుకుంది. దేవునికి లోబడటమంటే నోరు నొక్కుకోవడమని మనకు ఎవరు నేర్పారో కానీ, సువార్తలో అలా లేదు. పొద్దున్నే ఐసీయూ తలుపు ముందు నిలబడి, అమ్మను ఇచ్చెయ్యమని గట్టిగా అడిగాను. ఆ తర్వాత "మీ చిత్తము" అన్న మాట గొంతులోంచి వచ్చింది.

తర్వాత అసలు కష్టం మొదలైంది. కిడ్నీలు ఆగిపోయాయి, డయాలిసిస్ పెడితే బీపీ నిలవడం లేదు. కొనసాగించాలా, ఆపాలా, మీరే చెప్పండి అన్నారు డాక్టర్లు. ఆపమంటే అమ్మను నేనే చంపినట్టా? కొనసాగించమంటే నాకోసం ఆవిడను హింసించినట్టా? ఉపదేశిగారు నాతో డాక్టర్ గది దాకా వచ్చి, నా పక్కన నిలబడి ఒకే ప్రశ్న అడిగించారు: ఈ చికిత్స అమ్మను బాగుచేయగలదా, లేక చావును కొంచెం వెనక్కి నెడుతుందా? డాక్టర్ నిజాయితీగానే జవాబు చెప్పారు. రెండోదే. ఆ సాయంత్రం విజిటింగ్ టైమ్ అంతా ఆయనకు నా పక్కనే అయిపోయింది. తన భార్యను చూడకుండా ఉండిపోయారని రాత్రి నర్సు చెబితే కానీ నాకు తెలియదు. అడిగితే, "రేపు చూస్తాలే తల్లీ" అన్నారు, అంతే. ఈ మనిషికి నేనేం ఇవ్వగలను?

ఇలాంటి గదుల ముందు కూర్చున్న వాళ్లు ఇంకెవరైనా ఇది చదువుతుంటే, ఆయన నాకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ప్రాణాన్ని ఎలాగైనా సాగదీయాలని శ్రీసభ, అంటే మన చర్చి, ఎప్పుడూ చెప్పలేదు. 1957 నవంబరులో పన్నెండవ పయస్ పోపుగారు మత్తుమందు ఇచ్చే డాక్టర్లతో మాట్లాడుతూ, మామూలు చికిత్స మన బాధ్యత, అసాధారణ చికిత్స తప్పనిసరి కాదు అని చెప్పారు. చర్చి బోధనలన్నీ ఉన్న పుస్తకం, కథోలిక శ్రీసభ సత్యోపదేశంలో 2278వ పేరా కూడా ఇదే చెబుతుంది. మోయలేనంత భారమైన, ఫలితానికి పొంతన లేని చికిత్సను ఆపడం న్యాయమే. అక్కడ మనం చావును కోరుకోవడం లేదు, దాన్ని ఆపలేమని ఒప్పుకుంటున్నాం. ఆ వెంటనే 2279లో, మామూలు సేవ మాత్రం చివరిదాకా ఆపకూడదని, నొప్పి తగ్గించే మందులు ఇవ్వొచ్చని ఉంది. రెండవ జాన్ పాల్ పోపుగారు 2005లో చివరి రోజుల్లో మళ్లీ ఆసుపత్రికి వెళ్లకుండా వాటికన్‌లోని తన గదిలోనే ఉండిపోయారు. ఇది విన్నాక అన్నయ్యా నేనూ ఒక నిర్ణయానికి వచ్చాం.

ఇక్కడ ఒక మాట రాయకుండా ఉండలేను. ఆ నిర్ణయం చెప్పగానే మా ముందు పెట్టిన కాగితం ఏంటో తెలుసా? "వైద్యుల సలహాకు వ్యతిరేకంగా" తీసుకెళ్తున్నాం అని సంతకం పెట్టాలట! డాక్టరే లాభం లేదన్నాడు, మేం సరేనన్నాం, ఇందులో వ్యతిరేకం ఎక్కడుంది? అమ్మను గాలికొదిలేసి పారిపోతున్నట్టు అన్నయ్య తలదించుకుని సంతకం పెట్టాడు. అంతకు ముందు రోజు అభ్యంగనం, అంటే రోగికి పవిత్ర తైలం పూసి చేసే సంస్కారం, ఇవ్వడానికి గురువుగారు (ఫాదర్) వస్తే, విజిటింగ్ అవర్స్ కాదని తలుపు దగ్గరే ఆపేశారు. నుదుటికీ చేతులకూ తైలం పూసి జపం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మెషీన్లు అమ్మేవాళ్లు లోపలికి వెళ్లడం కళ్లారా చూశాను. గురువుగారు మాత్రం మెట్ల మీద కూర్చున్నారు. ఇలాంటివి కూడా దేవుని చిత్తం అని సర్దుకుపోమంటే నేను సర్దుకోను. అది మనుషులు పెట్టిన రూలు, మనుషులే మార్చాలి.

మనవాళ్లకూ ఒక మాట. అభ్యంగనం అంటే చివరి ఘడియ అని హడలిపోయి గురువుగారికి కబురే చెయ్యరు చాలామంది. 1960లలో బిషప్పులందరూ కూడిన రెండవ వాటికన్ మహాసభ ఎప్పుడో చెప్పింది, అది చనిపోయే క్షణంలో ఉన్నవాళ్లకు మాత్రమే కాదని. యాకోబు లేఖ ఐదో అధ్యాయంలో "మీలో ఎవరైనా రోగియా? సంఘపు పెద్దలను పిలవండి" అనే ఉంది. ముందే పిలవండి.

చివరికి తైలం పూశారు. ట్యూబులు తీశాక అమ్మ కొన్ని గంటలు తన ఊపిరితో తనే ఉంది. ఉపదేశిగారు చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నాకిచ్చారు. పునీత (సెయింట్) చార్లెస్ ద ఫూకో ప్రార్థన, ఉపదేశిగారి చేతిరాతలో. సిలువ మీద క్రీస్తు చివరి మాటను ధ్యానిస్తూ ఆ పునీతుడు రాసుకున్నది అది. సహారా ఎడారిలో, 1916 డిసెంబరు 1న ఆయన హతుడయ్యే నాటికి ఆయన బాటలో నడిచే మఠం ఒక్కటి కూడా లేదు. 2022 మే 15న మన దేశపు దేవసహాయం పిళ్లైగారితో పాటే ఆయన్ని పునీతులుగా ప్రకటించారు. తండ్రీ, నన్ను నీ చేతుల్లో పెడుతున్నాను, నువ్వేం చేసినా నీకు వందనాలు, అని ఉంటుంది అందులో. అమ్మ చెవి దగ్గర చదివాను. తన తరఫున చదువుతున్నానా, నా తరఫునా, నాకే తెలియలేదు. అమ్మ వెళ్లిపోయింది. అడిగింది జరగలేదు. అయినా ఆ వందనాలన్న మాట ఇప్పుడు అబద్ధంగా అనిపించడం లేదు. నొప్పి మాత్రం ఉంది, చాలా ఉంది.

అయ్యగారూ, మీరు ఇది చదువుతారో లేదో తెలియదు. ఆ దారం ముడి అలాగే ఉంచాను.

నైట్ డ్యూటీ నర్సమ్మకు కృతజ్ఞతలు. రూలు కాదని తెలిసీ, గురువుగారిని తనే లోపలికి తీసుకెళ్లింది. మెట్ల మీద ఒక్క మాట కూడా విసుక్కోకుండా కూర్చున్న మా సహాయక గురువులకు కూడా. కోయిర్ పిల్లలకు, సమాధి తవ్విన వాళ్లకు. ఫోన్ చార్జర్ ఇచ్చి తిరిగి అడగని పక్క కుర్చీ అబ్బాయికి. సిస్టర్స్ మఠంలో రాత్రంతా జపమాల చెప్పారట, నాకు ఇవాళే తెలిసింది, వాళ్లందరికీ వందనాలు.

ఉపదేశిగారి భార్య ఇంకా ఐసీయూలోనే ఉన్నారు. దయచేసి ఆమె కోసం ప్రార్థించండి. బాగుపడి ఇంటికి రావాలని అడగండి, ముందు అదే అడగండి.

అయ్యో, రక్తం ఇచ్చిన ఇద్దరు కుర్రాళ్లను మర్చిపోయాను! పేర్లు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. బాబూ, మీరెవరో కానీ, మీ రక్తంతోనే అమ్మ ఇంకో వారం మాతో ఉంది.