మొహెంజదారో నుంచి ఆదిలాబాద్ దాకా ఒకటే పోత పని, దాన్ని చరిత్రగా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

మొహెంజదారోలో 1926లో దొరికిన కంచు నాట్యగత్తె బొమ్మ గురించి పిల్లల పుస్తకాల్లో గానీ పేపర్లలో గానీ ఎప్పుడు చూసినా అవే మాటలు ఉంటాయి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది, చేతి నిండా గాజులున్నాయి, ఇప్పుడు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది, అంతే. 10.5 సెంటీమీటర్ల బొమ్మ అది, జానెడు కూడా ఉండదు. నాలుగున్నర వేల ఏళ్ల కింద దాన్ని ఎలా చేశారు అనే మాట మాత్రం ఎవరూ ఎత్తరు. నేను హైదరాబాద్‌లో ఫౌండ్రీ లైన్‌లో, అంటే లోహం కరిగించి పోత పోసే చోట పని చేస్తున్నాను, అందుకే ఆ ఫోటో ఎప్పుడు చూసినా నా కళ్లు ముందు ఆ సన్నటి చేతుల మీదకే పోతాయి, అంత సన్నటి దాంట్లోకి కంచు మధ్యలో గడ్డకట్టకుండా ఎలా పారించారో అని.

దాన్ని మైనం పోత అంటారు, పాత శిల్పశాస్త్రాల్లో మధూచ్ఛిష్ట విధానం అని ఉంటుంది, మా లైన్‌లో అయితే ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ అంటాం. ముందు బొమ్మని మైనంతో చేసి దాని చుట్టూ మట్టి పూస్తారు, ఆరాక కాలిస్తే మైనం కరిగి కారిపోయి లోపల బొమ్మ ఆకారంలో ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి, చల్లారాక మట్టి పగలగొట్టి బొమ్మని బయటికి తీస్తారు. చెప్పడానికి ఇంతే, కానీ చెడిపోయే దారులు బోలెడు. మట్టిలో కాస్త తేమ మిగిలినా లోహం తగలగానే ఆవిరి పుట్టి అచ్చు పేలిపోవచ్చు, అచ్చు చల్లగా ఉంటే లోహం వేళ్ల చివరిదాకా పోకముందే గట్టిపడిపోతుంది, లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే బొమ్మ నిండా బొక్కలే. పైగా ఒక అచ్చుకి ఒకటే బొమ్మ, పాడైతే మళ్లీ మైనం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నాకు బాధ కలిగించేది ఏంటంటే ఈ పని చచ్చిపోయిన విద్య కాదు, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం ఉషేగావ్ లాంటి ఊళ్లలో ఓజాలు అనే పోత పనివాళ్లు ఇప్పటికీ చేస్తున్నారు. తరతరాలుగా గోండులకి దేవుడి బొమ్మలు, గంటలు, దీపాలు, నగలు చేసిచ్చింది వాళ్లే. వాళ్ల ఇత్తడి పోత పనిని డోక్రా అంటారు, 2018లో ఆదిలాబాద్ డోక్రా అని జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం పనే అనే గుర్తింపు కూడా వచ్చింది. అయినా మనం వాళ్ల గురించి రాసేటప్పుడు గిరిజన కళ, అందమైన గిఫ్ట్ ఐటమ్, ఎగ్జిబిషన్‌లో స్టాల్ అని రాస్తాం, సింధు నాగరికత గురించి రాసేటప్పుడేమో చరిత్ర అని రాస్తాం. చేతిలో ఉన్న పని ఒకటే కదండీ.

డోక్రా పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. లోపల మట్టి ముద్ద ఉంటుంది, దాని మీద మైనం దారాలు చుడతారు, తేనె మైనంలో గుగ్గిలం లాంటివి కలిపి జంతికల గొట్టంలా ఉండే దాంట్లో వేసి నొక్కితే ఆ దారాలు వస్తాయి, డోక్రా బొమ్మల మీద కనిపించే చుట్లు చుట్ల గీతలు అవే. లోపల మట్టి ఉంది కాబట్టి బొమ్మ బోలుగా వస్తుంది, ఇత్తడి ఆదా అవుతుంది. మైనం మీద మొదటి పూత బాగా మెత్తటి మట్టి, ఎందుకంటే గీతలన్నీ ఆ పూతలోకే దిగాలి. ఆ పైన పూతలు ముతకగా ఉంటాయి, వాటిలో ఊక, పేడ లాంటివి కలుపుతారు, కాల్చినప్పుడు ఊక కాలిపోయి సన్న సన్న రంధ్రాలు మిగులుతాయి, లోహం పోసినప్పుడు గాలి వాటిలోంచి బయటికి పోతుంది.

ఇప్పుడు మా షాప్‌లో ఏం చేస్తామో వినండి. మైనం ప్యాటర్న్ మీద మొదటి కోటింగ్‌కి వేడికి తట్టుకునే మెత్తటి జిర్కాన్ పొడి కలిపిన స్లర్రీ, అంటే జారుడు ముద్ద వాడతాం, తర్వాత కోటింగ్‌లకి ముతక పొడి, ఆ కోటింగ్‌లతో తయారైన పెంకుని షెల్ అంటాం, దాంట్లోంచి గాలి సరిగ్గా పోతుందా లేదా చూస్తాం, పోత పోసే ముందు షెల్‌ని బాగా ఎర్రగా కాలుస్తాం. అంటే వరసలో ఏమీ మారలేదు! మాకు వేడి కొలిచే పైరోమీటర్లు, మెషీన్లు, ఏసీ రూములు ఉన్నాయి, వాళ్లు మంట రంగు చూసి, అచ్చు రంగు చూసి చెప్పేస్తారు. ఎంత లోహం కరిగించాలో మైనం తూకాన్ని బట్టి లెక్కేయడం కూడా పాతదే, 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలో ఆ లెక్క ఉంది. మైనానికి ఇత్తడికి బరువులో సుమారు తొమ్మిది రెట్ల తేడా, మేం కూడా అలాగే తూకం వేసుకుంటాం.

ఈ పని మొహెంజదారో కన్నా కూడా పాతది. ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న బెలూచిస్తాన్‌లో మెహర్‌గఢ్ అనే చోట చక్రం ఆకారంలో చిన్న రాగి బిళ్ళ ఒకటి దొరికింది, దాదాపు 6000 ఏళ్ల నాటిది. 2016లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు దాన్ని ప్రత్యేకమైన కాంతితో పరీక్షించి మైనం పోతతోనే చేశారని తేల్చారు. అది దాదాపు శుద్ధమైన రాగి, మా పని వాళ్లకి తెలుసు, శుద్ధ రాగి పోయడం ఎంత కష్టమో, ఎక్కువ వేడి కావాలి, గాలిలో ఆక్సిజన్ని పీల్చేసుకుంటుంది, సరిగ్గా పారదు. డెడ్ సీ దగ్గర నహల్ మిష్మార్ గుహలో 1961లో చాపలో చుట్టిన 400కి పైగా వస్తువులు దొరికాయి, వాటి వయసూ అటూఇటూగా అంతే, అక్కడి వాళ్లు మైనం పోతకి ఆర్సెనిక్, ఆంటిమొనీ ఉన్న రాగి వాడారు, అది బాగా పారుతుంది. ఏ లోహంతో ఏది కలిస్తే ఎలా పారుతుందో పోసి పోసి, పాడుచేసి పాడుచేసి తెలుసుకున్నారన్నమాట. నా దృష్టిలో ఇది ఏ యుద్ధం కన్నా పెద్ద సంగతి, కానీ పరీక్షల్లో ఏ యుద్ధం ఏ సంవత్సరం అనే అడుగుతారు.

ఇది వస్తువులతో ఆగిపోలేదు, మనుషుల పూజలు, అలవాట్లు కూడా మార్చింది. గర్భగుడిలో రాతి మూలవిరాట్టు కదలదు, లోపలికి వెళ్లే వీలు ఉన్నవాళ్లకే దగ్గరి దర్శనం. ఊరేగించడానికి వీలైన లోహ విగ్రహం ఉంటే దేవుడే వీధిలోకి వస్తాడు. చోళుల కాలంలో కావేరి ఒడ్డున నటరాజు, పార్వతి, కృష్ణుడి కంచు విగ్రహాలు అంత పెద్ద ఎత్తున పోశారంటే ఉత్సవాలు అంతగా పెరిగాయని అర్థం, తమిళనాడులోని స్వామిమలై స్థపతులు ఇప్పటికీ కావేరి ఒండ్రుమట్టితోనే అచ్చు కడతారు. మన ఊళ్లలో బ్రహ్మోత్సవాల్లో పల్లకీ మీద కదిలే ఉత్సవ విగ్రహం వెనక కూడా ఉన్నది పోత పోసినవాడి చెయ్యే.

ఇంకోటి ఆఫ్రికాలో. ఇప్పటి నైజీరియాలోని బెనిన్ రాజ్యంలో ఇత్తడి ఫలకాలు, తలలు ఇదే పద్ధతిలో చేసేవాళ్లు, రాజభవనం స్తంభాల మీద ఉన్న ఆ ఫలకాలే ఒక రకంగా వాళ్ల రాజుల రికార్డు. 1897లో బ్రిటిష్ సైన్యం నగరాన్ని తగలబెట్టి వేలకొద్దీ ఎత్తుకుపోయింది, యూరప్‌లో చూసినవాళ్లలో కొందరు ఆఫ్రికా వాళ్లు ఇంత పని చేయగలరంటే నమ్మనే లేదు. 2022లో జర్మనీ కొన్ని వెనక్కిచ్చింది. చేసినవాళ్ల పని తెలియకపోతే వాళ్ల చరిత్రని దోచుకోవడం ఎంత తేలికో చూడండి.

అంత దూరం ఎందుకు, ఇక్కడే కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు హెలికాప్టర్ ఇంజిన్ కోసం సింగిల్ క్రిస్టల్ టర్బైన్ బ్లేడ్లు, అంటే లోహమంతా ఒకే స్ఫటికంగా ఉండే రెక్కలు తయారుచేసి 2021లో 60 బ్లేడ్లు విమానాలు, హెలికాప్టర్లు చేసే హెచ్‌ఏఎల్‌కి ఇచ్చారు, అవి కూడా వాక్యూమ్‌లో చేసే ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగే. పళ్ల డాక్టర్లు పెట్టే లోహపు క్యాప్‌లలో, బంగారం షాపులో కాస్టింగ్ ఉంగరాల్లో ఉన్నది కూడా మైనమే. ఒకే రాష్ట్రంలో ఒక మూల హెలికాప్టర్ ఇంజిన్ బ్లేడు, ఇంకో మూల పుట్టమన్నుతో గోండుల దేవుడు, రెండిటికీ మూలం ఒకటే అని మన పిల్లలకి ఒక్కరికైనా చెప్తున్నామా? ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు మా షాప్‌కి ఇండస్ట్రియల్ విజిట్‌కి వస్తారు, మంచిదే, కానీ నేను వాళ్లకి ఉషేగావ్ పేరు చెప్తే ఎవరికీ తెలీదు.

అందుకని నేను అడిగేది మూడు ముక్కల్లో చెప్తాను. సోషల్ పుస్తకంలో నాట్యగత్తె బొమ్మ పక్కన అది ఎలా చేశారో ఒక పేజీ, ఆ పక్కనే ఓజాల పని ఫోటో పెట్టాలి. ఐటీఐలో ఫౌండ్రీ నేర్చుకునే పిల్లలకి ఓజా పెద్దవాళ్లని పిలిచి, గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే డబ్బే వాళ్లకీ ఇచ్చి, పోత పోయించి చూపించాలి, అక్కడ మంట రంగు చూసి వేడి చెప్పడం నేర్చుకున్న కుర్రాడు ఎక్కడైనా పనికొస్తాడు. ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మూడోది మీ చేతిలోనే ఉంది ఎడిటర్ గారూ. ఈసారి మీ పేపర్ తరఫున ఎవరైనా ఆ ఊళ్లకి వెళ్తే బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుని రావడం కాదు, తేనె మైనం ఎక్కడ్నుంచి తెస్తున్నారు, ఎంతకి కొంటున్నారు, ఇత్తడి రేటు పెరిగితే ఏం చేస్తున్నారు, కట్టెలకి అడవిలో ఇబ్బంది ఉందా, పదింటిలో ఎన్ని పోతలు పాడవుతున్నాయి, ఇంట్లో పిల్లలు కొలిమి దగ్గర కూర్చుంటున్నారా లేదా అని అడిగి, చేసినవాళ్ల పేర్లు వేసి రాయండి. సాంకేతిక వివరాలు సరిచూడాలంటే నేను చూసిపెడతాను, వీలైతే మీ రిపోర్టర్‌తో పాటు ఆ ఊరికి కూడా వస్తాను.

ఇట్లు,
ఒక ఫౌండ్రీ ఉద్యోగి, హైదరాబాద్